మీటరులో 39, సంచిలో 43: మొలకెత్తని ఆయిల్‌పామ్ విత్తనాలపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

కోస్తా ఆంధ్రలో ఒక ఆయిల్‌పామ్ నర్సరీకి అనుబంధంగా నడిచే చిన్న మొలక యూనిట్ ఇది. ఊరు, యజమాని, విత్తనం సరఫరా చేసినవారు ఎవరన్నది ఇక్కడ చెప్పడం లేదు. 2021 ఆగస్టులో వంటనూనెల జాతీయ మిషన్–ఆయిల్‌పామ్ పథకానికి కేంద్రం ఆమోదం తెలిపాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మొక్కలకు గిరాకీ బాగా పెరిగింది. చాలా నర్సరీలు విదేశాల నుంచి విమానంలో వచ్చే మొలకలనే కొంటాయి. ఈ యూనిట్‌వాళ్లు మాత్రం మొలకెత్తని విత్తనం కొని, వేడిశుద్ధి తామే చేసుకుని మొలకలు తీయాలనుకున్నారు. ఖర్చు తగ్గించుకోవడానికి ఇది మంచి దారే. అయితే శుద్ధి మొదలైన దగ్గర్నుంచి చివరి మొలక ఏరేదాకా మూడు నెలలకు పైగా పడుతుంది. మొదటి వారంలో జరిగిన పొరపాటు మూడో నెలలో గానీ కంటికి కనబడదు.

ఆయిల్‌పామ్ గింజకు వేడి ఎందుకో ముందు తెలియాలి. వాణిజ్య విత్తనం డ్యూరా (మందపాటి పెంకు రకం) తల్లిచెట్టుకు పిసిఫెరా (పెంకు లేని రకం) పుప్పొడి పెట్టి చేసిన సంకరం. దాన్నుంచి వచ్చే మొక్క టెనెరా, అంటే పలుచని పెంకు రకం. పెంకు మాత్రం తల్లి కణజాలమే కాబట్టి, విత్తనం పెంకు డ్యూరా పెంకులాగే మందంగా ఉంటుంది. ఆ పెంకుకు ఒక చివర మొలక రంధ్రం ఉంటుంది. రంధ్రంలో పీచు బిరడా, దాని వెనక పలుచని మూత, ఆ మూత వెనక పప్పులో ఇమిడి సుమారు మూడు మిల్లీమీటర్ల పిండం. ఈ పిండాన్ని బయటికి తీసి పోషక మాధ్యమంలో పెడితే వెంటనే పెరగడం మొదలుపెడుతుంది. అంటే పిండం తనంతట తాను నిద్రపోవడం లేదు, చుట్టూ ఉన్న కట్టడం దాన్ని ఆపుతోంది. సరైన తేమలో కొన్ని వారాలు వేడి తగిలితే ఆ అడ్డు బలహీనపడుతుంది, మొలకను ఆపే అబ్సిసిక్ ఆమ్లం కూడా తగ్గుతుంది. వేడి ఇవ్వకుండా నాటితే గింజలు నెలల తరబడి ఒక్కొక్కటిగా లేస్తాయి. నర్సరీకి అది పనికిరాదు, ఒకే వయసు మొక్కలు ఉంటేనే సంచి మార్చడం, గ్రేడింగ్, తోటకు పంపడం ఒక పద్ధతిలో సాగుతాయి.

ఈ యూనిట్ పాటిస్తున్నది పొడి వేడి పద్ధతి. గింజను నానబెట్టి, ఆరబెట్టి, తేమను 18 శాతం దగ్గరకు తెచ్చి, పాలిథీన్ సంచుల్లో కట్టి 39–40 డిగ్రీల గదిలో 60 రోజులు ఉంచుతారు. తర్వాత మళ్లీ నానబెట్టి తేమను 21–22 శాతానికి పెంచి, 28–30 డిగ్రీల గదికి మారుస్తారు. అన్నీ కుదిరితే పది రోజుల్లో తొలి మొలకలు కనబడతాయి, తర్వాతి నెలలో చాలావరకు వచ్చేస్తాయి. కాగితం మీద చదివితే తేలిగ్గానే ఉంటుంది.

సమస్య

రెండు బ్యాచ్‌లు వరుసగా దెబ్బతిన్నాయి. వానాకాలంలో వేడిగదిలో పెట్టిన బ్యాచ్‌లో మూడో వంతు మాత్రమే మొలకెత్తింది. వచ్చిన మొలకల్లోనూ చాలా వాటికి కొన గోధుమరంగుకు తిరిగి మెత్తబడింది. ఎండాకాలం బ్యాచ్‌లో మొలక శాతం ఇంకా తక్కువ, పైగా బూజు పెద్దగా కనబడలేదు. గింజ చూస్తే శుభ్రంగా ఉంది, మొలక లేదు. యజమాని అనుమానం విత్తనం మీదికి వెళ్లింది. పాత విత్తనం అంటగట్టారన్నది ఆయన వాదన. సరఫరాదారు మీ గదే సరిగా లేదన్నాడు.

రెండు బ్యాచ్‌ల లక్షణాలు వేరువేరు. ఒకటి కుళ్లింది, ఇంకొకటి కదలలేదు. ఒకే కారణం రెండింటికీ సరిపోదన్నది మొదటి చూపులోనే తేలిన విషయం. విత్తనం పాతదే అయితే రెండూ ఒకే తీరుగా ఉండాలి.

అప్పటికే చేసి చూసినవి

మొలక రాని గింజలను అవే సంచుల్లో మరో నెల వేడిగదిలో ఉంచారు. ఫలితం లేదు. ఆ గింజల్లో తేమ ఎంత ఉందో ఎవరూ చూడలేదు. ఎండిపోయిన గింజకు వేడి ఎన్నాళ్లిచ్చినా అడ్డు సడలదు. తడి ఎక్కువైన గింజకు అదే వేడి బూజుకు మేత అవుతుంది. వేడి, తేమ రెండు వేర్వేరు శుద్ధులు కావు, కలిసి పనిచేసే ఒకే శుద్ధి.

తర్వాత థర్మోస్టాట్‌ను 39 నుంచి 41కి పెంచారు. తక్కువ మొలక అంటే తక్కువ వేడి అన్న లెక్క అది. నష్టంలో పెద్ద భాగం ఇక్కడే జరిగింది, దాని సంగతి కింద వస్తుంది.

శిలీంధ్రనాశిని మోతాదు రెట్టింపు చేశారు. పెంకు మీది బూజు తగ్గింది, కొనలు గోధుమరంగుకు తిరగడం ఆగలేదు. ఈ గోధుమ మొలక తెగులుకు కారణం ఆస్పర్‌జిల్లస్ జాతి శిలీంధ్రం. అది 38–40 డిగ్రీల్లో హాయిగా పెరుగుతుంది. మనం గింజకు ఇచ్చే వేడే దానికీ ఇష్టం, కాబట్టి ఉష్ణోగ్రతతో దాన్ని అదుపు చేయలేం. వేడిగదిలో ఉన్నంతకాలం గింజ తేమను 19 శాతానికి లోపు ఉంచడమే దాన్ని ఆపుతుంది. పైన పూసిన మందు మొలక రంధ్రం లోపలికి చేరదు.

మొలకను ప్రేరేపించే జిబ్బరెల్లిక్ ఆమ్లంలో నానబెట్టడం, ఆకురాయితో పెంకు గీయడం కూడా జరిగాయి. గీసిన గింజల్లో కొన్ని పప్పు దాకా పగిలి కుళ్లాయి. గట్టి పెంకు చూడగానే నీళ్లు లోపలికి పోవడం లేదేమో అనిపించడం సహజం. కానీ ఆయిల్‌పామ్ పెంకు నీటిని పీల్చుకుంటుంది, నాలుగైదు రోజులు నానబెట్టి తూకం వేస్తే తెలిసిపోతుంది. అడ్డు ఉన్నది మూత దగ్గర, పెంకు పక్కలను గీసి లాభం లేదు.

ముందు గింజ పగలగొట్టాం

సమస్య చూడటానికి వెళ్లిన మేము, గదిలో ఏదీ మార్చకముందే మొలకెత్తని గింజలను పగలగొట్టి చూడాలని నిర్ణయించాం. మొలకెత్తనిది చచ్చిందా, నిద్రలో ఉందా అన్నది తేలకుండా వేసే ప్రతి అడుగూ ఊహే. చచ్చిన గింజకు వేడి పెంచినా తగ్గించినా ఒకటే. నిద్రలో ఉన్నదాన్ని పారేస్తే డబ్బు పారేసినట్టే.

అదృష్టం ఏమిటంటే యూనిట్‌వాళ్లు సంచుల మీద ర్యాక్ నంబరు రాసి ఉంచారు. పై ర్యాకు, మధ్య ర్యాకు, కింది ర్యాకుల గింజలను విడిగా తీసుకున్నాం. పెంకు పగలగొట్టి, పప్పును పిండం ఉన్న వైపు నిలువుగా కోసి, 1 శాతం టెట్రాజోలియం ద్రావణంలో చీకట్లో ఉంచితే బతికున్న పిండం ఎర్రబడుతుంది, చచ్చింది తెల్లగానో గోధుమరంగులోనో ఉండిపోతుంది.

పై ర్యాకు పిండాల్లో ఎక్కువ భాగం ఎర్రబడలేదు. కింది ర్యాకువి దాదాపు అన్నీ నిండుగా ఎర్రబడ్డాయి. మధ్య ర్యాకులో రెండు రకాలూ ఉన్నాయి. ఒకే సరఫరా, ఒకే గది, ఒకే రోజులు. ఎత్తు మారితే ఫలితం మారింది. విత్తనం పాతదన్న వాదన ఇక్కడితో తేలిపోయింది. పాత విత్తనం అన్ని ర్యాకుల్లోనూ ఒకే తీరుగా చచ్చి ఉండేది.

గదిలో అసలు ఉష్ణోగ్రత

థర్మోస్టాట్ సెన్సర్ తలుపు పక్క గోడకు, నడుము ఎత్తులో ఉంది. అది కొలిచేది గాలిని, అది కూడా ఆ మూల గాలిని. సన్నని ప్రోబులను సంచి మధ్యలో, గింజల నడుమ గుచ్చి, ర్యాకుల పై, మధ్య, కింది వరుసల్లో ముందు, వెనక పెట్టి రికార్డరుకు కలిపాం. సెట్టింగ్‌ను మళ్లీ 39కి దించాం. మీటరు 39 చూపిస్తుండగా వెనక పై ర్యాకు సంచుల్లో మధ్యాహ్నం 42–43 దాకా పోయింది. తలుపు దగ్గర కింది వరుసలో తెల్లవారుజామున 35కి దిగింది. మధ్య ర్యాకు ఒక్కటే అనుకున్న చోట ఉంది. సెట్టింగ్ 41గా ఉన్న రోజుల్లో పై ర్యాకు ఎక్కడి దాకా వెళ్లి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కారణాలు మూడు. హీటర్ గాలిని పైకే తోస్తోంది, కిందికి తిప్పే ఫ్యాను లేదు. పైకప్పు రేకు, దాని కింద పలుచని థర్మాకోల్ పొర మాత్రమే. కోస్తాలో మే నెల మధ్యాహ్నం ఆ రేకు తానే ఒక హీటరవుతుంది, అప్పుడు థర్మోస్టాట్ హీటరును ఆపగలదు కానీ గదిని చల్లబరచలేదు. మూడోది, ర్యాకుల్లో సంచులను ఒకదాని మీద ఒకటి పేర్చారు. లోపలి సంచులకు గాలి ఆడదు, గింజ ఊపిరి తీసుకునేటప్పుడు పుట్టే వేడి కూడా అక్కడే నిలుస్తుంది.

కరెంటు కోతల ప్రభావం రికార్డరు గీతలో స్పష్టంగా కనబడింది. రెండు గంటలు కరెంటు పోతే గది గాలి త్వరగా చల్లబడుతుంది, సంచి లోపలి గింజ ఇంకా వేడిగానే ఉంటుంది. అప్పుడు సంచి లోపలి గోడ మీద నీటి చుక్కలు పడతాయి. ఆ చుక్కలు జారి అడుగున చేరి అక్కడి పిడికెడు గింజలను తడిపేస్తాయి. సంచి మొత్తం సగటు తేమ 18 అయినా అడుగున 22 ఉంటుంది. బూజు ఎప్పుడూ సంచి అడుగు నుంచే మొదలవుతోందని కూలీలు ముందే చెప్పారు. వాళ్ల మాట నూటికి నూరు పాళ్లు నిజం.

తేమ: కంటి అంచనా, తూకం

వేడిగదికి పంపేముందు గింజను నీడలో ఒక రోజు ఆరబెట్టడం ఇక్కడి అలవాటు. పెంకు మీద మెరుపు పోయి బూడిదరంగు వస్తే ఆరినట్టు. వానాకాలంలో పెంకు పైన ఆరినా లోపల తడి ఉంటుంది. ఎండాకాలపు వడగాలికి అదే ఒక రోజులో లోపలి పప్పు కూడా ఆరిపోతుంది. మిగిలిన గింజల తేమ చూస్తే రెండు కాలాలకూ పొంతన లేదు. వానాకాలం సరుకు 22 దగ్గర, వేసవి సరుకు 14 దగ్గర వేడిగదిలోకి వెళ్లాయి. ఒక బ్యాచ్ కుళ్లడానికి, ఇంకొకటి కదలకపోవడానికి వివరణ ఇదే.

కొలత ఇలా. లాటు నుంచి అక్కడక్కడా కలిపి ఇరవై గింజలు తీసుకుని పగలగొట్టాలి. పగలగొట్టకపోతే పప్పులోని నీరు పూర్తిగా పోదు. పెంకు, పప్పు కలిపి తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి మళ్లీ తూచాలి. తగ్గిన బరువును మొదటి బరువుతో భాగిస్తే తడి బరువు మీద శాతం వస్తుంది. ఇక రోజూ గింజ పగలగొట్టక్కర్లేదు, లాటు మొత్తం బరువే చెబుతుంది. 14 శాతం తేమ ఉన్న 10 కిలోల గింజలో పొడి పదార్థం 8.6 కిలోలు. 18 శాతానికి తేవాలంటే 8.6ను 0.82తో భాగించాలి, 10.49 కిలోలు. అంటే 490 గ్రాముల నీరు పీల్చుకోవాలి. వేడి తర్వాత 22 శాతం కావాలంటే 8.6ను 0.78తో భాగించాలి, 11.03 కిలోలు. ఆ బరువు వచ్చేదాకా నానబెట్టడం, దాటితే ఆరబెట్టడం.

ఒక జాగ్రత్త. కొన్ని పత్రాలు తేమను తడి బరువు మీద లెక్కిస్తాయి, కొన్ని పొడి బరువు మీద. తడి లెక్కలో 18 అంటే పొడి లెక్కలో దాదాపు 22. ఒక చోటి లెక్కను ఇంకో చోటి లెక్కతో కలిపితే సరిగ్గా బూజు గీత మీదికి చేరతాం. మీరు పాటించే పత్రం ఏ లెక్కలో రాసిందో అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి. ఈ వ్యాసంలో ఉన్నవన్నీ తడి బరువు లెక్కలు.

వేడి తర్వాత గది

ఈ లోపం దాదాపు మా కంట పడకుండా పోయేది. వేడి పూర్తయ్యాక నానబెట్టిన సంచులను యూనిట్ వరండాలో ఉంచేవారు. వానాకాలంలో అక్కడ 28–30 డిగ్రీలే, ఇబ్బంది లేదు. మే నెలలో 37–38. ఆయిల్‌పామ్ గింజ నిద్ర వదలడానికి 39 కావాలి, మొలకెత్తడానికి 30 లోపు కావాలి. వేడి నుంచి దిగడం కూడా శుద్ధిలో భాగమే. దిగనిస్తే గానీ మొలక లేవదు. తడిపిన గింజ అదే వేడిలో ఉండిపోతే బూజుకు తప్ప ఎవరికీ మేలు లేదు.

చిన్న లాట్లతో పరీక్ష

అన్నీ ఒకేసారి సరిచేసి పూర్తి బ్యాచ్ పెట్టేయాలని యజమాని తొందరపడ్డారు. నాటే కాలం దగ్గర పడుతోంది, మొలక నుంచి తోటకు వెళ్లే మొక్క కావడానికి ఏడాదికి పైగా పడుతుంది, ఆయన తొందరలో న్యాయముంది. అయినా చిన్న లాట్లు ముందు పెట్టాలని పట్టుబట్టాం. అన్నీ ఒక్కసారి మారిస్తే ఫలితం బాగున్నా ఏది పనిచేసిందో తెలియదు, రేపు ఒకటి తప్పినప్పుడు మళ్లీ మొదటికే వస్తాం.

మధ్య ర్యాకులో, కచ్చితంగా 39 ఉండే చోట, 15, 18, 22 శాతాల తేమతో మూడు లాట్లు. 18 శాతం తేమతోనే పై ర్యాకులో ఒకటి, కింది ర్యాకులో ఒకటి. అన్నిటికీ 60 రోజులు, తర్వాత అన్నీ ఏసీ ఉన్న గదిలో 29 డిగ్రీల్లో. మధ్య ర్యాకు 18 శాతం లాటులో నాలుగింట మూడు వంతులకు పైగా మొలకెత్తాయి, అదీ నెలలోపే. 15 శాతం లాటు ఆలస్యంగా మొదలై విడివిడిగా సాగింది. 22 శాతం లాటులో గోధుమ కొనలు. కింది ర్యాకు లాటు తక్కువగా మొలకెత్తింది కానీ గింజలు బతికే ఉన్నాయి. పై ర్యాకు లాటు అధ్వానం.

ఎక్కువ వేడి చంపుతుంది, తక్కువ వేడి ఆలస్యం చేస్తుంది. రెండింటిలో ఏదో ఒకటి తప్పదనుకుంటే చల్లటి వైపు తప్పడమే మేలు. అందుకే సెట్టింగ్‌ను 40 కాకుండా 39 దగ్గర ఉంచమన్నాం.

పనిచేసిన మార్పులు

సెన్సరును గోడ నుంచి తీసి, మధ్య ర్యాకులో గింజ నింపిన సంచి లోపల పెట్టించాం. పై ర్యాకు దగ్గర 41 దాటితే హీటరును ఆపి ఎగ్జాస్టును నడిపే రెండో థర్మోస్టాట్ ఏర్పాటైంది. ఒకటి చెడినా గింజ చావకూడదు. గాలిని పైనుంచి కిందికి తోసే ఫ్యాను నిరంతరం తిరుగుతుంది. రేకు కింద మందపాటి ఇన్సులేషన్ వేసి, రేకు పైన తెల్లసున్నం కొట్టారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ సున్నమే. గదిలో ఒక వైపు మూతలు బిగించిన నీళ్ల డ్రమ్ములు ఉంచారు. అవి వేడిని పట్టి ఉంచుతాయి కాబట్టి చిన్న కోతలకు గది చప్పున చల్లబడదు. అరగంట దాటితే జనరేటర్.

సంచులు పేర్చడం మానేసి ఒకే వరుసలో, మధ్యన అరచేతి సందు వదిలి పెడుతున్నారు. వారానికోసారి ప్రతి సంచీ తెరిచి రెండు మూడు నిమిషాలు గాలి తగలనిచ్చి, గింజను కలియబెట్టి, తూచి, వేరే ర్యాకుకు మారుస్తారు. తేమ పోతుందని ఇంతకుముందు సంచి తెరిచేవారే కాదు. నిజమే, కొంచెం పోతుంది. కానీ మూసిన సంచిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. బరువు తగ్గితే ఆ తగ్గినంత నీటిని మాత్రమే స్ప్రేయరుతో చల్లి సంచి కడతారు. అడుగున బూజు కనబడిన గింజను వెంటనే ఏరి, మిగతావాటిని కడిగి, నీడలో ఆరబెట్టి, మళ్లీ బరువు చూసి లోపలికి పంపుతారు.

60 రోజులన్నది కూడా రాయి మీద గీత కాదు. తల్లిచెట్టును బట్టి, గింజ వయసును బట్టి మారుతుంది. అందుకని ప్రతి లాటు నుంచి 45 రోజులకు ఒక చిన్న సంచి తీసి, నానబెట్టి, మొలక గదిలో పెట్టి చూస్తున్నారు. అది చురుగ్గా మొలకెత్తితే మిగతాదాన్ని 60 దాకా ఉంచక్కర్లేదు.

మొలకల ఏరివేతలోనూ ఒక మార్పు. ప్రథమ మూలం, ప్రథమ కాండం విడివిడిగా గుర్తుపట్టగలిగాకే నర్సరీకి పంపాలి. తెల్లచుక్క కనబడగానే పంపితే సంచిలో తలకిందులుగా నాటే ప్రమాదం ఉంది. మరీ ఆలస్యం చేస్తే వేరు సంచిలో మెలిపడి విరుగుతుంది. వారానికి రెండుసార్లు ఏరితే సరిపోతుంది.

తర్వాతి పూర్తి బ్యాచ్‌లో మొలక శాతం చిన్న లాటు స్థాయిలోనే నిలిచింది. ర్యాకుల మధ్య తేడా కూడా దాదాపు పోయింది. నా దృష్టిలో శాతం కన్నా ఈ రెండోదే గట్టి రుజువు.

వదిలేసిన గింజ, మిగతా తాటిజాతులు

పాత బ్యాచ్ కింది ర్యాకులో బతికి ఉన్న గింజను పారేయలేదు. తూచి, 18 శాతానికి తెచ్చి, తిరిగి కొన్ని వారాలు 39లో ఉంచితే కొంత భాగం మొలకెత్తింది. వాటిని ప్రధాన లాటుతో కలపకుండా విడి మడిలో పెంచమన్నాం. ఎదుగుదలలో వెనకబడినవాటిని అక్కడే ఏరేయవచ్చు. రెండోసారి కూడా లేవని గింజ మీద మూడోసారి ఖర్చు పెట్టడం దండగ.

ఈ ఫలితం చూశాక నర్సరీవాళ్లు అడిగిన ప్రశ్న: అలంకరణకు పెంచే పామ్ గింజలకూ ఇదే గది వాడొచ్చా? వద్దు. ఈ వేడి ఆయిల్‌పామ్‌కు సరిపోయిన శుద్ధి, పామ్ కుటుంబం మొత్తానికీ కాదు. కొబ్బరి, వక్క గింజలు ఎండితే చాలు చచ్చిపోతాయి, వాటిని రెండు నెలలు పొడి వేడిలో ఉంచితే మిగిలేదేమీ ఉండదు. తాటి టెంకలను మన పల్లెల్లో శ్రావణ భాద్రపదాల్లో వదులు మట్టి పాతరలో పరిచి వదిలేస్తారు, సంక్రాంతి నాటికి తేగలు తవ్వుకుంటారు. నేల తడి, నేల వేడి తప్ప వాటికి ఇంకేమీ అక్కర్లేదు. కొత్త జాతి గింజ చేతికొస్తే ముందు పది గింజలు పగలగొట్టి పిండం బతికుందో లేదో చూడాలి, మరికొన్నిటిని ఏ శుద్ధీ లేకుండా తడి కొబ్బరిపొట్టులో 30 డిగ్రీల దగ్గర ఉంచాలి. అవి వాటంతట అవి లేస్తే వేడిగది తాళం తీయాల్సిన పనే లేదు.